ఆఫ్టర్ ఎఫెక్ట్స్ + బ్లెండర్‌కి కొత్త పీసీ, డబ్బు ర్యామ్ మీద పెట్టాలా గ్రాఫిక్స్ కార్డ్ మీదా?

పచ్చగీత
అందరికీ నమస్తే. నేను మోషన్ గ్రాఫిక్స్ చేస్తా, ముప్పావు వంతు పని ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లోనే, మిగతాది బ్లెండర్‌లో 3డీ ప్రోడక్ట్ షాట్లు, ఈమధ్యే పొగ, మంటల్లాంటివి చేసే హౌదినీ కూడా మొదలెట్టా, ఇంకా నేర్చుకునేవాళ్ళకిచ్చే ఉచిత అప్రెంటిస్ వెర్షనే అనుకోండి. ఇప్పుడున్నది 16 జీబీ ర్యామ్ లాప్‌టాప్. 4కె కాంప్ (కంపోజిషన్) తెరిచి ప్రివ్యూకి స్పేస్‌బార్ నొక్కితే టైమ్‌లైన్ మీద, రెండరైన ఫ్రేములు ఎంతవరకో చూపే ఆ పచ్చ గీత నాలుగైదు సెకన్ల దాకా పాక్కుంటూ వెళ్ళి ఆగిపోతుంది, ప్రివ్యూ మళ్ళీ మొదటికొస్తుంది. క్లయింట్ పక్కన కూర్చుంటే పరువు పోతోంది.

కొత్తది తీసుకుందామని నలుగురిని అడిగితే నాలుగు మాటలు. గేమ్స్ ఆడే ఫ్రెండేమో పెద్ద గ్రాఫిక్స్ కార్డ్ పడేయ్, మిగతాదంతా అదే చూసుకుంటుంది అంటాడు, ఇంకొకడు మ్యాక్ తీసుకుని ప్రశాంతంగా ఉండమంటాడు. డెస్క్‌టాప్ అయినా పర్లేదు, మోసుకు తిరిగే పని లేదు. అన్నీ టాప్‌లో పెట్టేంత సీన్ లేదు కాబట్టి ఎక్కడో ఒకచోట తగ్గాల్సిందే, దేంట్లో తగ్గొచ్చో దేంట్లో తగ్గకూడదో చెప్పండి ప్లీజ్.

రెండర్_రాత్రులు
మీ ఫ్రెండ్ చెప్పింది గేమ్స్‌కి కరెక్టే, మీ పనికి కాదు. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ ప్రివ్యూ ఫ్రేముల్ని ర్యామ్‌లో దాచుకుని ఆడిస్తుంది, లెక్క చూడండి. 4కె ఫ్రేమ్ అంటే 3840×2160, 16 బిట్ ప్రాజెక్ట్‌లో ఒక్కో పిక్సెల్‌కి 8 బైట్లు, మొత్తం కలిపి ఒక్క ఫ్రేమే దాదాపు 66 ఎంబీ. సెకనుకి 24 ఫ్రేములు, పది సెకన్ల ప్రివ్యూ కావాలంటే 240 ఫ్రేములు, అంటే ఇంచుమించు 16 జీబీ, అదీ ఫైనల్ కాంప్ ఒక్కదానికే, లోపల ప్రీకాంపుల (కాంప్‌లో పెట్టిన వేరే కాంపుల) క్యాష్, అంటే దాచిన ఫ్రేములు, వేరే. 32 బిట్ పెడితే దానికి డబుల్. మీ దగ్గర ఉన్నదే 16, అందులో విండోస్ తినేది పోను, బ్రౌజర్ తినేది పోను మిగిలిందెంత? ఆ గీత ఆగిపోతోంది అందుకే, ఎంత పెద్ద కార్డ్ వేసినా అది అక్కడే ఆగుతుంది.

కాబట్టి 64 జీబీకి తగ్గొద్దు. 16వి నాలుగు కాకుండా 32వి రెండు స్టిక్‌లు పెట్టండి, ఇప్పటి ర్యామ్ రకం డీడీఆర్5లో నాలుగు స్లాట్లూ నింపితే చాలా బోర్డుల్లో మెమరీ స్పీడ్ బాగా దిగిపోతుంది.

సీపీయూ సంగతి. 2021లో వచ్చిన 22 వెర్షన్ నుంచి ఆఫ్టర్ ఎఫెక్ట్స్ ఒకేసారి కొన్ని ఫ్రేములు కలిపి రెండర్ చేస్తుంది, కానీ అలా నడిచే ప్రతి ఫ్రేముకీ దాని ర్యామ్ దానికి కావాలి, ఈ ముక్క ఎవరూ చెప్పరు. ర్యామ్ చాలకపోతే కోర్లు ఖాళీగా కూర్చుంటాయి. అందుకే 12 నుంచి 16 కోర్లు, క్లాక్ స్పీడ్ ఎక్కువున్నది చూసుకోండి చాలు, 64 కోర్ల వర్క్‌స్టేషన్ చిప్ మీకు దండగ. పాత ప్లగిన్లు కొన్నిటికి ఇప్పటికీ ఒక్కో కోర్ ఎంత వేగంగా ఉందన్నదే ముఖ్యం.

కొనేముందు ఒక్క పని చేయండి. ఇప్పుడున్న లాప్‌టాప్‌లో మీ అసలు ప్రాజెక్ట్ ఒకటి ప్రివ్యూ పెట్టి టాస్క్ మేనేజర్ తెరిచి ఏది నిండుతుందో చూసి ఇక్కడ చెప్పండి.

వాక్సెల్
పైన చెప్పింది ఆఫ్టర్ ఎఫెక్ట్స్ వరకు ఒప్పుకుంటా, బ్లెండర్ కథ వేరు బ్రో. బ్లెండర్ రెండర్ ఇంజిన్ సైకిల్స్ జీపీయూ (గ్రాఫిక్స్ కార్డ్) మీద రెండర్ చేస్తే సీన్ మొత్తం, జామెట్రీ, టెక్స్చర్లు అన్నీ వీర్యామ్‌లో, అంటే కార్డ్ సొంత మెమరీలో కూర్చోవాలి. 8కె టెక్స్చర్ ఒక్కటి కంప్రెషన్ లేకుండా 256 ఎంబీ, ఒక మెటీరియల్‌కి కలర్, రఫ్‌నెస్, నార్మల్ అని మూడు పెడతావు, అలాంటి మెటీరియల్స్ పది పెట్టావంటే 8 జీబీ కార్డ్ చేతులెత్తేస్తుంది, అప్పుడైతే అవుట్ ఆఫ్ మెమరీ లేదంటే సిస్టమ్ ర్యామ్ వాడుకుంటూ నత్తనడక. కాబట్టి కార్డ్ మోడల్ నంబర్ కంటే ముందు వీర్యామ్ చూడు. ఆర్‌టీఎక్స్ 4060 టీఐ ఒకే పేరుతో 8 జీబీ, 16 జీబీ రెండూ వచ్చాయి, పెట్టె మీద చదవకపోతే అంతే సంగతులు. లాప్‌టాప్ వైపు అసలు చూడకు, డెస్క్‌టాప్ 4090లో 24 జీబీ ఉంటే లాప్‌టాప్ 4090లో ఉన్నది 16. ఇంకోటి, రెండు కార్డులు వేస్తే స్పీడ్ పెరుగుతుంది కానీ సైకిల్స్‌లో మామూలుగా వీర్యామ్ కలవదు, చిన్నదాంట్లో ఎంత పడితే అంతే సీన్.

మ్యాక్ చెడ్డదేం కాదు. బ్లెండర్ 3.1 నుంచి ఆపిల్ గ్రాఫిక్స్ వ్యవస్థ మెటల్‌కి సపోర్ట్ ఉంది, సీపీయూకీ జీపీయూకీ మెమరీ అంతా ఒకటే కాబట్టి పెద్ద సీన్లు పడతాయి, ఆపిల్ వాళ్ళ ఎడిటింగ్ ఫార్మాట్ ప్రోరెస్ ఫుటేజ్ వెన్నలా నడుస్తుంది. కానీ కొన్న రోజు ఎంత మెమరీతో తీసుకుంటే జీవితాంతం అంతే, ఎన్‌విడియా వాళ్ళ సీయూడీఏ (CUDA) మీద మాత్రమే నడిచే ప్లగిన్లు అందులో నడవవు. ఉత్త ఆఫ్టర్ ఎఫెక్ట్స్ అయితే నేనే మ్యాక్ తీసుకోమనేవాణ్ణి, సైకిల్స్‌కి మాత్రం ఆప్టిక్స్ (ఎన్‌విడియా వాళ్ళ వేగమైన రెండర్ పద్ధతి) ఉన్న ఎన్‌విడియా కార్డ్, 16 జీబీ.

పైరో
హౌదినీ గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేనే. పొగ, మంట సిమ్‌లో (సిమ్యులేషన్‌లో) వాక్సెల్, అంటే పొగని విడగొట్టే చిన్న 3డీ గడి, దాని సైజు సగం చేస్తే వాక్సెల్స్ ఎనిమిదింతలు అవుతాయి, ర్యామ్ కూడా దాదాపు అలాగే పెరుగుతుంది. నేర్చుకునేటప్పుడు 64 సరిపోతుంది, 128కి తర్వాత వెళ్ళొచ్చు, బోర్డ్ సపోర్ట్ చేస్తుందో లేదో ఇప్పుడే చూసుకో.

అసలు దెబ్బ డిస్క్ మీద. సిమ్ ఫలితాలు డిస్క్‌లో దాచుకునే క్యాష్ ఒక్క షాట్‌కే వందల జీబీలు అవ్వొచ్చు. సిస్టమ్‌కి ఒక డ్రైవ్, క్యాష్‌కి, ప్రాజెక్టులకి ఇంకోటి పెట్టు, రెండూ ఎన్‌వీఎంఈ (బోర్డ్‌కి నేరుగా తగిలే వేగమైన ఎస్ఎస్‌డీ). సాటా ఎస్ఎస్‌డీ సెకనుకి 550 ఎంబీ దగ్గర ఆగిపోతుంది, జెన్ 4 ఎన్‌వీఎంఈ అయితే 7000 దాకా చదువుతుంది. క్యూఎల్‌సీ అనే చవక రకం డ్రైవ్ క్యాష్‌కి మాత్రం వద్దు, మొదట్లో దూసుకెళ్తుంది, లోపలి బఫర్ నిండాక సిమ్ రాస్తుంటే సగంలోనే స్పీడ్ కూలిపోతుంది, టీఎల్‌సీ అని చూసి తీసుకో. తగ్గించాలంటే ఆర్‌జీబీ లైట్లు, గాజు క్యాబినెట్, ఖరీదైన మదర్‌బోర్డ్‌లో తగ్గించు. పవర్ సప్లైలో, కూలింగ్‌లో వద్దు, మన మెషిన్లు రాత్రంతా ఫుల్ లోడ్‌లో ఉంటాయి కదా.

పచ్చగీత
అందరికీ చాలా థాంక్స్. టాస్క్ మేనేజర్ చూశా, రెండర్_రాత్రులు గారు చెప్పినట్టే మెమరీ పైకెళ్ళి అతుక్కుపోయింది, జీపీయూ గ్రాఫ్ నేలమీదే ఉంది. సో 64 జీబీ, 16 జీబీ కార్డ్, రెండు డ్రైవులు అనుకుంటున్నా. ఇంకో చిన్న డౌట్, క్లయింట్ పంపే కెమెరా ఫుటేజ్ హెచ్.265 అనే కుదించిన ఫార్మాట్, 4:2:2 10 బిట్ (రంగు వివరం ఎక్కువుండే రకం). అది టైమ్‌లైన్ మీద పెట్టగానే నత్తిగా ఆడుతుంది, దీనికీ ర్యామేనా?

రెండర్_రాత్రులు
కాదండి, ఇది డీకోడింగ్, అంటే కుదించిన వీడియోని విప్పే గొడవ. హెచ్.265లో చాలా ఫ్రేములు పక్క ఫ్రేములతో తేడా మాత్రమే దాచుకుంటాయి, మీరు మధ్యలో ఒక ఫ్రేమ్ మీదకెళ్తే దాని చుట్టుపక్కలవి కూడా విప్పాలి. 4:2:2 10 బిట్‌కి హార్డ్‌వేర్ డీకోడ్ ఇంటెల్ 11వ జనరేషన్ నుంచి దాని లోపలి గ్రాఫిక్స్‌లో ఉంది, ఎన్‌విడియాలో 50 సిరీస్‌తో గానీ రాలేదు. పాత సిరీస్ కార్డ్ తీసుకుంటుంటే ఇంటెల్ సీపీయూ ఆలోచించండి, మోడల్ నంబర్ చివర ఎఫ్ ఉన్నవి మాత్రం వద్దు, వాటిలో గ్రాఫిక్స్ ఉండదు. ఏది కొన్నా సరే, పని మొదలెట్టేముందు ప్రతి ఫ్రేమునీ విడిగా పూర్తిగా దాచే ప్రోరెస్ 422కో డీఎన్ఎక్స్‌హెచ్ఆర్‌కో మార్చుకుని వాడండి, పాత లాప్‌టాప్‌లో కూడా తేడా తెలుస్తుంది. ఫైళ్ళు బాగా ఉబ్బుతాయి కాబట్టి ఆ రెండో డ్రైవ్ 2 టీబీకి తక్కువ తీసుకోకండి.