కౌబాయ్స్ సీజన్ ఎలా ఫాలో అవ్వాలి? థాంక్స్‌గివింగ్ మ్యాచ్‌కి పిలిచారు, నాకేమీ తెలియదు

వ్యాలీ రాంచ్ కొత్త మెంబర్:
అందరికీ నమస్కారం. మాది ఖమ్మం, డల్లాస్ వచ్చి రెండు నెలలైంది, ఇర్వింగ్‌లో వ్యాలీ రాంచ్‌లో అపార్ట్‌మెంట్ తీసుకున్నాం. ఆఫీసులో సోమవారం వస్తే చాలు అందరూ ఇక్కడి అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ కౌబాయ్స్ గురించే, లంచ్ టేబుల్ దగ్గర నేను నవ్వుతూ కూర్చోవడం తప్ప ఒక్క మాట అర్థం కావట్లేదు. ఇప్పుడు మా మేనేజర్ థాంక్స్‌గివింగ్ మ్యాచ్‌కి ఒక టికెట్ ఎక్స్‌ట్రా ఉంది వస్తావా అన్నాడు, సరే అనేశాను. వెళ్ళేలోపు ఎంతవరకు నేర్చుకోవాలి, ఇంట్లో మ్యాచ్‌లు చూడ్డానికి ఏ ప్యాకేజీ కొనాలి, స్టేడియంకి ట్రైన్ ఉందా? ఇంకోటి, మా ఇంటి దగ్గర ఒక రోడ్డు పేరు కౌబాయ్స్ పార్క్‌వే అని ఉంది, దానికీ ఈ టీమ్‌కీ సంబంధం ఉందా?

ప్లేనో పాతకాపు (1995 నుంచి ఇక్కడే):
తమ్ముడూ, నీ ఆఖరి ప్రశ్నకి ముందు చెప్తా ఎందుకంటే ఇప్పుడొచ్చే పిల్లలెవరికీ ఇది తెలియట్లేదు. నువ్వు ఉంటున్న వ్యాలీ రాంచ్‌లోనే 1985 నుంచి 2016 వరకు కౌబాయ్స్ హెడ్ ఆఫీసూ ప్రాక్టీస్ గ్రౌండూ ఉండేవి. మ్యాచ్‌లు ఆడే పాత టెక్సస్ స్టేడియం కూడా ఇర్వింగ్‌లోనే, 114, 183, లూప్ 12 రోడ్లు కలిసే చోట, 2010 ఏప్రిల్ 11 తెల్లారగానే దాన్ని పేల్చేశారు. ఆ రోజు మా పెద్దబ్బాయిని నిద్ర లేపి తీసుకెళ్ళాను, దుమ్ము లేస్తుంటే మా పక్కన ఒక ముసలాయన టోపీ తీసి గుండెల మీద పెట్టుకున్నాడు. నేనొచ్చిన సీజన్‌లోనే, అంటే 1996 జనవరి 28న స్టీలర్స్ టీమ్ మీద 27-17తో ఐదో సూపర్ బౌల్, అంటే లీగ్ ఫైనల్, కొట్టారు. ఏటా ఇంతే కాబోలు అనుకున్నా. అప్పట్నుంచి ఇప్పటిదాకా సూపర్ బౌల్ కాదు కదా దాని ముందు మెట్టు కూడా ఎక్కలేదు.

సీజన్ సంగతి. లీగ్ పేరు ఎన్‌ఎఫ్‌ఎల్, 32 టీములు, రెండు వైపులు: సగం ఏఎఫ్‌సీ సగం ఎన్‌ఎఫ్‌సీ. మనది ఎన్‌ఎఫ్‌సీలో ఈస్ట్ డివిజన్, ఇంకో ముగ్గురు ఫిలడెల్ఫియా ఈగిల్స్, న్యూయార్క్ జెయింట్స్, వాషింగ్టన్ కమాండర్స్, ఈ ముగ్గురితో ఏడాదికి రెండేసి సార్లు ఆడాలి. సెప్టెంబర్ నుంచి జనవరి మొదటి, రెండో వారం దాకా 18 వారాలు, 17 మ్యాచ్‌లు, ఒక వారం సెలవు. తర్వాత ఒక్కో వైపు నుంచి ఏడు టీములు ప్లేఆఫ్స్‌కి వెళ్తాయి, అక్కడ ఒక్క మ్యాచ్ ఓడితే ఇంటికే. ఆట అయితే ఒకటే గుర్తు పెట్టుకో: నాలుగు ఛాన్సుల్లో పది గజాలు ముందుకెళ్ళాలి, వెళ్తే మళ్ళీ నాలుగు ఛాన్సులు, వెళ్ళకపోతే బంతి అవతలి వాడికి. మిగతావన్నీ చూస్తుంటే వాటంతట అవే వస్తాయి.

ఫ్రిస్కో అక్క:
బాబూ రూల్స్ బట్టీ పట్టకు, నేను ఆ తప్పే చేశాను. యూట్యూబ్‌లో రూల్స్ వీడియోలు ఎన్ని చూశానో, లంచ్ దగ్గర మాత్రం నోరు పెగిలేది కాదు, ఎందుకంటే అక్కడ వాళ్ళు మాట్లాడేది రూల్స్ గురించి కాదు మనుషుల గురించి. నాలుగేళ్ళు అట్లాగే గడిచాయి. 2023లో మా పక్కింటావిడ ఆదివారం మధ్యాహ్నం రా, చిప్స్ తిందువుగాని అని పిలిచింది, ఆ ఏడాది ఒక్క మ్యాచ్ కూడా వదల్లేదు.

ఆ సీజన్ చెప్తాను విను, టీమ్ స్వభావం మొత్తం అందులోనే ఉంది. మొదటి మ్యాచే వానలో జెయింట్స్ వాళ్ళ గ్రౌండ్‌లో 40-0. ఇంక మనకి ఎదురు లేదు అనుకున్నామా, మూడో వారం అరిజోనా చేతిలో ఓడారు, ఐదో వారం శాన్ ఫ్రాన్సిస్కో 42-10తో చితక్కొట్టింది. సొంత గ్రౌండ్‌లో మాత్రం పులులు, ఎనిమిదికి ఎనిమిదీ గెలిచారు. డారన్ బ్లాండ్ అని కుర్రాడు, డిఫెన్స్‌లో ముఖ్యుడైన ట్రెవాన్ డిగ్స్‌కి ప్రాక్టీస్‌లో మోకాలు పోతే ఆ బరువంతా ఇతని మీద పడింది, అవతలి వాళ్ళ పాసులు లాక్కుని ఐదుసార్లు టచ్‌డౌన్ (బంతితో అవతలి చివరి గీత దాటడం) చేశాడు, ఒక సీజన్‌లో అదే రికార్డు. ఐదోది సరిగ్గా థాంక్స్‌గివింగ్ రోజున వాషింగ్టన్ మీద, 63 గజాలు పరిగెత్తాడు, మా పక్కింటావిడ స్వీట్ పై ప్లేట్ విసిరేసినంత పని చేసింది.

నాకు బాగా దగ్గరైన మనిషి మాత్రం బ్రాండన్ ఆబ్రీ, బంతిని కాలితో తన్నే కిక్కర్. అతను సాకర్ ఆడేవాడు, అది కుదరక సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ ఉద్యోగం చేసుకుంటున్నాడు. ఒకరోజు టీవీలో ఎవరో కిక్ మిస్సయితే పక్కనున్న భార్య ఇది నువ్వు చెయ్యగలవు కదా అందట, అక్కడ మొదలుపెట్టి ప్రాక్టీస్ చేసి 28 ఏళ్ళకి ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అడుగుపెట్టాడు. వచ్చిన ఏడాదే వరసగా 35 ఫీల్డ్ గోల్స్ (రెండు స్తంభాల మధ్య నుంచి బంతిని తన్నడం) ఒక్కటి కూడా తప్పకుండా కొట్టాడు, అలా కెరీర్ మొదలుపెట్టినవాడు ఇంతకుముందు లేడు. ఈగిల్స్ మీద 60 గజాల నుంచి ఒకటి, 59 నుంచి ఒకటి. మర్నాడు సోమవారం కాఫీ మెషిన్ దగ్గర మా టెస్టింగ్ టీమ్ పెద్దాయన, ఎప్పుడూ గుడ్ మార్నింగ్ తప్ప ఏమీ అననివాడు, నేను "ఆబ్రీని చూశారా" అనగానే కప్పు పక్కన పెట్టి 20 నిమిషాలు మాట్లాడాడు. వాళ్ళ నాన్న తనని పాత స్టేడియంకి ఎలా తీసుకెళ్ళేవాడో చెప్పాడు. ఇప్పుడు వాళ్ళింటికీ మా ఇంటికీ రాకపోకలు.

కాబట్టి ఒక్క ఆటగాణ్ణి పట్టుకో, వాడి కథ తెలుసుకో, చాలు. కార్యసిద్ధి హనుమాన్ గుడికి ఫ్రిస్కో వస్తుంటావు కదా, అటు నుంచి ది స్టార్ కి వెళ్ళు, 2016లో వ్యాలీ రాంచ్ నుంచి కౌబాయ్స్ ఆఫీసు మారింది అక్కడికే, బయట తిరగడానికి టికెట్ అక్కర్లేదు.

కొప్పెల్ ప్యాకర్స్ అభిమాని:
అన్నా ప్యాకేజీ అని అడిగినవ్, అస్సలు కొనకు. డల్లాస్‌ల ఉన్నోళ్ళకి కౌబాయ్స్ మ్యాచ్‌లన్నీ ఉత్త యాంటెన్నాతోనే వస్తయ్, ఫాక్స్ 4, ఎన్‌బీసీ 5, ఏబీసీ 8, సీబీఎస్ 11. కేబుల్‌ల గానీ యాప్‌ల గానీ వేసే మ్యాచైనా లోకల్ ఛానెల్‌ల కూడా వెయ్యాలె, అది లీగ్ రూల్. వేరే ఊరి టీమ్ చూడాలంటేనే సండే టికెట్ కావాలె, అది 2023 నుంచి యూట్యూబ్‌కి పోయింది, అంతకుముందు డైరెక్‌టీవీ డిష్‌తోనే ఉండె. ఆ డిష్‌తో నాకైన కథ చెప్తా, కొత్తగా వచ్చినోళ్ళందరూ చదవాలె.

నేను ఎమ్మెస్ విస్కాన్సిన్‌ల చేసిన, అందుకే అక్కడి టీమ్ ప్యాకర్స్‌కి అభిమానిని. 2014ల ఇక్కడ అపార్ట్‌మెంట్ బాల్కనీల డిష్ పెట్టిన. గోడకి ఒక్క రంధ్రం కొట్టలే, బకెట్ల సిమెంట్ పోసి దాంట్ల గొట్టం నిలబెట్టి దానికి డిష్ బిగించిన. వారానికే తలుపు మీద నోటీస్, మూడు రోజులల్ల తియ్యమని. నేను లీజింగ్ ఆఫీస్‌కి పోయి, ఎఫ్‌సీసీ (టీవీ, ఫోన్ల కేంద్ర సంస్థ) రూల్ ప్రకారం నాకు మాత్రమే వాడుకునే హక్కున్న బాల్కనీల మీటర్ లోపు డిష్ పెట్టుకోవచ్చు, మీరు ఆపలేరు అని ప్రింట్ తీసి ఇచ్చిన. ఆమె ఆ కాయితం చూడకుండనే డ్రాయర్ల పెట్టింది. సరే, ఊకున్నరు గదా అనుకున్న. ఖాళీ చేసినప్పుడు డిపాజిట్‌ల 400 డాలర్లు కట్! బాల్కనీ రెయిలింగ్ డ్యామేజ్ అట. రెయిలింగ్‌ని నేను ముట్టనే ముట్టలే. నా అదృష్టం, ఖాళీ చేసే రోజు ఫోన్‌తో ప్రతి మూల వీడియో తీసిన, రెయిలింగ్ మీద చెయ్యి పెట్టి మరీ తీసిన. సర్టిఫైడ్ పోస్ట్‌ల లెటర్ పంపిన, టెక్సస్‌ల ఇల్లు ఖాళీ చేసి నీ కొత్త అడ్రస్ రాసిచ్చినంక 30 రోజులల్ల డిపాజిట్ వాపస్ ఇయ్యాలె, దురుద్దేశంతో ఆపితే మూడింతలు, పైన 100 డాలర్లు కట్టాలె. రెండు నెలలు ఉలుకూ లేదు పలుకూ లేదు. జస్టిస్ కోర్టుల కేసేస్తే, విచారణకి నాలుగు రోజుల ముందు చెక్కు వచ్చింది. అందుకే చెప్తున్న, కొత్త మెంబర్ అన్నా, ఇంట్ల దిగినప్పుడు వీడియో తీసినవా? తియ్యకుంటే ఇయ్యాలనే తియ్యి.

ఇగ ఫ్రిస్కో అక్క 2023 కథ సగంల ఆపింది. మిగతా సగం నేను చెప్తా, నేను స్టేడియంలనే ఉన్న. 2024 జనవరి 14, బయట గడ్డకట్టే చలి. కౌబాయ్స్ 12 గెలిచి 5 ఓడి డివిజన్ కొట్టి రెండో సీడ్ (ప్లేఆఫ్స్ ర్యాంకు), మేం ఆఖరి ఏడో సీడ్. హాఫ్‌టైమ్ ముందు ఒక దశల 27-0 మేమే! చివరికి 48-32. ఏడో సీడ్ ప్లేఆఫ్స్‌ల గెలవడం అదే మొదటిసారి.

ప్లేనో పాతకాపు:
ఆ మ్యాచ్ గురించి మాట్లాడితే పాసులు వేసే డాక్ ప్రెస్కాట్‌నే తిడతారు అందరూ, అన్యాయం. ఆ సీజన్‌లో లీగ్ మొత్తంలో ఎక్కువ టచ్‌డౌన్ పాసులు, 36, అతనివే. సీడీ లాంబ్ 135 క్యాచ్‌లు 1,749 గజాలు, టీమ్ చరిత్రలోనే రికార్డు, ఆ బంతులు వేసిందెవరు? ఆ రోజు డిఫెన్స్ చేతులెత్తేసింది, ప్యాకర్స్ ఆటగాడు ఆరన్ జోన్స్‌ని మూడు టచ్‌డౌన్లు చెయ్యనిచ్చారు.

కొప్పెల్ ప్యాకర్స్ అభిమాని:
అన్నా మీరంటే గౌరవమే గాని, మొదటి హాఫ్‌ల రెండు పాసులు మా చేతికే ఇచ్చిండు, అండ్ల ఒకటి డార్నెల్ సావేజ్ 64 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ చేసిండు. 403 గజాలు కొట్టిండంటరు, సగానికి పైన మ్యాచ్ చెయ్యి దాటినంక కొట్టినయే.

ప్లేనో పాతకాపు:
మ్యాచ్ చెయ్యి దాటాక కూడా వదలకుండా ఆడాడు, నేను చూసేది అదే. 1989లో ఒక్కటి గెలిచి 15 ఓడిన సీజన్ చూసినవాళ్ళు నాకు ఫ్రెండ్స్, మూడేళ్ళకి అదే టీమ్ సూపర్ బౌల్ కొట్టింది. మా వాళ్ళు ఓర్చుకుంటారు.

ఫ్రిస్కో అక్క:
ఆ రాత్రి మా పక్కింటావిడ టీవీ ఆపేసి మౌనంగా గిన్నెలు కడిగింది, నేను తుడిచాను. నా వరకు ఆ సీజన్ అంటే అదే. మీరిద్దరూ వేరే థ్రెడ్ పెట్టుకోండి, పాపం ఆ అబ్బాయి స్టేడియం గురించి అడిగాడు, ఎవరూ చెప్పలేదు.

గ్రాండ్ ప్రెయిరీ నుంచి:
నేను చెప్తాను, ఏటా వెళ్తాను. స్టేడియం ఆర్లింగ్టన్‌లో, ట్రైన్ స్టేడియం దాకా వెళ్ళదు. కారే, పార్కింగ్ ముందే కొనుక్కోవాలి, అప్పటికప్పుడు వెతికితే దొరకదు. మీ మేనేజర్‌తో కలిసి వెళ్ళడం మంచిది. బ్యాగ్ పారదర్శకంగా ఉండాలి, కొలతలు 12x6x12 అంగుళాలు, అది దాటితే గేటు దగ్గరే ఆపేస్తారు, మా ఆవిడ హ్యాండ్‌బ్యాగ్ కోసం రెండు మైళ్ళు వెనక్కి నడిచాను. టికెట్ ఫోన్‌లోనే, ఛార్జ్ నిండా పెట్టుకో. లోపల క్యాష్ తీసుకోరు, కార్డే.

థాంక్స్‌గివింగ్ మ్యాచ్ మధ్యాహ్నం మూడున్నరకి. స్టేడియం తూర్పు పడమరలుగా కట్టారు, పడమటి వైపు పెద్ద అద్దాలు, ఆ టైమ్‌కి ఎండ సూటిగా గ్రౌండ్ మీదకి వస్తుంది. 2024 నవంబర్‌లో ఈగిల్స్ మ్యాచ్‌లో సీడీ లాంబ్‌కి ఎండ కళ్ళలో పడి టచ్‌డౌన్ బంతే కనపడలేదు. తూర్పు చివర సీటైతే నీ కళ్ళలోనూ పడుతుంది, చలువ కళ్ళజోడు పట్టుకెళ్ళు.

మ్యాచ్‌కి మూడు నాలుగు గంటల ముందే పార్కింగ్‌లో కారు డిక్కీ తెరిచి పొయ్యి పెట్టి వండుకుంటారు, టెయిల్‌గేట్ అంటారు. ఉత్త చేతులతో వెళ్ళకు. నేను పులిహోర తీసుకెళ్తే మొదట అడిగి అడిగి తిన్నారు, రెండో ఏడాది ఎందుకు తేలేదని అడిగారు. పచ్చిమిర్చి తగ్గించి, పల్లీలు ఉన్నాయని ముందే చెప్పు, కొంతమందికి పడవు.

వ్యాలీ రాంచ్ కొత్త మెంబర్:
అందరికీ చాలా థాంక్స్. ఇంటి వీడియో ఇప్పుడే తీశాను, వంటగది సింక్ కింద పాత లీక్ మరక కూడా కనపడింది, లీజింగ్ ఆఫీస్‌కి మెయిల్ పెట్టేశాను. యాంటెన్నా ఆర్డర్ చేశాను. మా మేనేజర్‌ని ఆబ్రీ గురించి అడిగాను, సాయంత్రం దాకా వదల్లేదు. పులిహోర నాకు రాదు, మా ఆవిడ చేస్తానంది కానీ ఇక్కడి చింతపండు పేస్ట్ తో కుదరట్లేదంటోంది, ఎవరికైనా మంచి చింతపండు ఎక్కడ దొరుకుతుందో తెలుసా?

ఫ్రిస్కో అక్క:
పేస్ట్ వద్దు, నా దగ్గర ఊరి నుంచి తెచ్చిన పాత చింతపండు అరకిలో ఉంది. ఆదివారం మ్యాచ్ మా ఇంట్లో చూస్తున్నాం, ఇద్దరూ రండి, పక్కింటావిడ కూడా వస్తుంది. వెళ్ళేటప్పుడు చింతపండు పట్టుకెళ్ళండి.