హాకీ లీగ్‌లో కొత్త టీమ్‌లు పెంచితే వైజాగ్‌కి ఇవ్వాలా?

ఎంవీపీ_కుర్రాడు:
హాకీ ఇండియా లీగ్‌లో టీమ్‌లు పెంచితే ఏ ఊళ్లకి ఇవ్వాలంటారు? నా ఓటు వైజాగ్‌కే. 2024 డిసెంబర్‌లో లీగ్ మళ్లీ మొదలైనప్పుడు టీమ్ గోనాసిక మన ఊరి పేరు మీదే దిగింది, ఒక్క మ్యాచ్ వదలకుండా ఫోన్‌లో చూశాను, కానీ ఆటలేమో రూర్కెలా, రాంచీల్లో జరిగాయి, మా ఆఫీసులో ఒక్కరికైనా మనకో టీమ్ ఉందని తెలీదు. 2025లో ప్రో కబడ్డీ ఇక్కడే మొదలైంది కదా, హాకీకి ఏం తక్కువ?

పాత_ఫుల్‌బ్యాక్:
తమ్ముడూ, ముందు పిల్లలు ఆడాలి. మా అబ్బాయి బడిలో గ్రావెల్ మీద నేర్చుకున్నాడు. బంతి రాయికి తగిలి మోకాలి ఎత్తుకి లేచేది, కొత్త స్టిక్ నెలకే అడుగున పెచ్చులు ఊడిపోయేది. మొదటిసారి కాకినాడ తీసుకెళ్తే, నీళ్లు చల్లిన టర్ఫ్ (కృత్రిమ గడ్డి) మీద బంతి సర్రున జారిపోతుంటే పది నిమిషాలు ఒక్కటీ ఆపలేకపోయాడు, బయటికొచ్చి ఏడ్చాడు. 2023లో సీనియర్ మహిళల జాతీయ పోటీలు కూడా అక్కడే జరిగాయి. నన్నడిగితే ముందు కాకినాడకే ఇవ్వాలి.

గాజువాక_టు_సియాటిల్:
నేనుండే సియాటిల్ సంగతి చెప్తాను. ఇక్కడ ఆడేది ఐస్ హాకీ, అది వేరే ఆట, కానీ ఊరిని ఎంచుకునే పద్ధతి చూడండి. 2018లో టీమ్ ఖాయం కాకముందే సీజన్ టికెట్లకి డిపాజిట్లు అడిగితే 12 నిమిషాల్లో 10,000 వచ్చాయి, అమెరికా, కెనడాల ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌కి ఓనర్లు కట్టిన ఫీజు 65 కోట్ల డాలర్లు. అట్లాంటా అంత పెద్ద ఊరు, అయినా 1980లో టీమ్ కాల్గరీకి పోయింది, రెండోసారి ఇస్తే అదీ 2011లో విన్నిపెగ్‌కి పోయింది. అలాగని ఆట ముందే ఉండాలన్న అన్నగారి మాట పూర్తిగా ఒప్పుకోను. లాస్ వేగస్ ఎడారి, అక్కడ ఐస్ మీద ఆడేవాళ్లెంతమంది? అయినా అక్కడి టీమ్ వాళ్లు సొంతూళ్లో ఆడి మొదటి సీజన్‌లోనే ఫైనల్‌కి వెళ్లారు, ఊరంతా వాళ్ల వెనకే నిలబడింది. గోనాసికకి ఆ సొంత గ్రౌండే లేకపోయింది.

పాత_ఫుల్‌బ్యాక్:
సొంత గ్రౌండ్ మాట నిజమే. కానీ రూర్కెలా చూడు బాబూ, చుట్టూ సుందర్‌గఢ్ జిల్లా, ఇండియాకి హాకీ ఆడిన దిలీప్ టిర్కీ, అమిత్ రోహిదాస్ పుట్టిన నేల. స్టేడియం 2023లో వచ్చింది, ఆట ఎప్పట్నుంచో ఉంది.

ఎంవీపీ_కుర్రాడు:
అన్నా, కాకినాడకిచ్చినా సంతోషమే, రత్నాచల్ ఎక్కి సామర్లకోటలో దిగిపోతాను. మా పాపకి తొమ్మిదేళ్లు, స్టిక్ అడుగుతోంది. కాకినాడలో బయట ఊరి పిల్లల్ని సెలవుల్లో టర్ఫ్ మీదకి రానిస్తారా? ఎవర్ని కలవాలి?