సమస్య: వాన కురిసి కరవు వచ్చె నయ్య

నిర్వాహకుడు: ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాను. కరవు, ఉప్పెన, అతివృష్టి వంటి మాట ఒకటైనా పద్యంలోనో వివరణలోనో అర్థంతో సహా రావాలి.

మొదటి పూరణ:

కోత వేళ కంకి కుళ్ళి మొలకలెత్తె
గాదెలందు నేడు గాలి మిగిలె
ఈతి బాధలందు నిదియె మొదటి దండ్రు
వాన కురిసి కరవు వచ్చె నయ్య

ఇది అతివృష్టి, అంటే మితిమీరిన వాన. దీనితో అనావృష్టి, ఎలుకలు, మిడతలు, చిలుకలు, పొరుగు రాజుల దాడి కలిపి పంటను చెరిచే ఈతిబాధలు ఆరు.

నిర్వాహకుడు: వాన కురిస్తే కరవేమిటన్న విరోధం చక్కగా విడిపోయిందండీ. అయితే "మిగిలె" ద్రుతాంతం, అంటే చివర నకారం దాగి ఉన్న మాట. పక్కన "ఈతి" చేరితే "మిగిలె నీతి" అవుతుంది, అర్థం తలకిందులు. "గాదెలందు మిగిలె గాలి యొకటె / యీతి బాధలందు" అనండి, యతికీ ఇబ్బంది లేదు.

ఒక సభ్యురాలు: పాదాంతంలో విసంధిని, అంటే సంధి చేయకుండా వదిలేయడాన్ని, ఇప్పుడు ఒప్పుకుంటున్నారు కదండీ?

నిర్వాహకుడు: ఒప్పుకుంటున్నారమ్మా. అపార్థం పొంచి ఉన్నచోట మాత్రం వదలకూడదు.

రెండో పూరణ:

ఉప్పు నీరు నూత నుప్పెన నింపెను
దాహమన్న గొంతు దడుప లేము
దివిని ముంచినట్టి దినము దలచుకొన్న
వాన కురిసి కరవు వచ్చె నయ్య

ఆ దినం 1977 నవంబరు 19. తుపానంటే గాలీ వానా. ఉప్పెనంటే ఆ గాలి తోసుకొచ్చిన సముద్రమే ఊళ్ల మీద పడడం. దివిసీమలో వేలమంది పోయారు. ఇక్కడ కరవు మంచినీళ్లకు.

మూడో పూరణ:

రైతు నవ్వె నేల రాయలసీమలో?
సంత కేల తోలె జంట యెడ్ల?
ప్రశ్న లివియె రెండు, బదులు వరుసగాను
వాన కురిసి, కరవు వచ్చె నయ్య

నిర్వాహకుడు: క్రమాలంకారం కుదిరింది, ధార హాయిగా ఉంది. కానీ విరోధాన్ని విప్పకుండా రెండు ముక్కలు చేసి తప్పించుకున్నారు. నా ఓటు ఉప్పెన పద్యానికే.

సభ్యురాలు: క్షామం ఎవరూ ముట్టలేదేమండీ? "క్షై" ధాతువు, కృశించడం. దుర్భిక్షమంటే భిక్ష పుట్టని కాలం. 1832–33లో, నందన నామ సంవత్సరంలో, గుంటూరు సీమను పీల్చేసిన కరవును జనం డొక్కల కరువన్నారు. సంస్కృతమూ చిక్కిన ఒంటినే చూసింది, మన పల్లె జనమూ ఒంటినే చూశారు.

నిర్వాహకుడు: చాలా మంచి మాట చెప్పారమ్మా. "డొక్క-లకరు-వన్న" అని విడదీస్తే మూడు సూర్యగణాలు (మూడేసి మాత్రల గణాలు), ఆటవెలదిలో చక్కగా ఇముడుతుంది. దానితో మీరే ఒక పూరణ పంపండి.