ఎల్‌ఈడీ థర్మామీటరు ఉన్నట్టుండి 85 డిగ్రీలు చూపిస్తోంది, ఎందుకు?

ప్రశ్న:

అన్నలకు నమస్కారం. మాది రామగుండం. నాన్న రోజూ “ఇయ్యాల ఎండ ఎంతుందిరా” అని అడుగుతారు. ఆయన కోసం వరండాలో వేలాడదీయడానికి ఒక ఎల్‌ఈడీ థర్మామీటరు చేశాను. అక్రిలిక్ గొట్టంలో 30 ఎల్‌ఈడీల డబ్ల్యూఎస్2812బీ స్ట్రిప్పు (ఒక్కో దీపం రంగు విడిగా మార్చగలిగే పట్టీ), ఆర్డుయినో నానో (ప్రోగ్రామ్ ఎక్కించి నడిపే చిన్న బోర్డు), వేడి కొలిచే డీఎస్18బీ20 సెన్సర్ పెట్టాను. ఒక్కో దీపం ఒక్కో డిగ్రీ. అన్నిటికంటే కిందది 18, పైది 47. కింద నీలం, పైకి పోయేకొద్దీ పసుపు, ఎరుపు. డిగ్రీ మారినప్పుడల్లా స్ట్రిప్పు మొత్తం ఒక్కసారి తెల్లగా మెరుస్తుంది. నాన్నకు ఆ మెరుపంటే చాలా ఇష్టం.

బాధ ఏమిటంటే, మధ్యమధ్యలో 85 డిగ్రీలని చూపించి పైదాకా ఎర్రగా వెలుగుతోంది. పైగా అరగంట నడిచాక అసలు వేడికన్నా నాలుగు డిగ్రీలు ఎక్కువ చెబుతోంది. సెన్సర్ మార్చి చూశాను, అదే తంతు. స్ట్రిప్పుకు కరెంటు నానో 5 వోల్టుల పిన్ను నుంచి, నానోకు ల్యాప్‌టాప్ యూఎస్‌బీ నుంచి ఇస్తున్నాను.

జవాబు:

తమ్ముడూ, ఒక్కటి చూసి చెప్పు. ఆ 85 వచ్చేది తెల్లటి మెరుపు తర్వాతేనా?

ప్రశ్న అడిగినవారు:

ఇప్పుడే కూర్చుని గమనించాను అన్నా. ప్రతిసారీ మెరుపు వెనకాలే వస్తోంది!

జవాబు:

అయితే సెన్సర్ తప్పేమీ లేదు. ఈ సెన్సర్‌కు కరెంటు పోయి వస్తే, మళ్లీ వేడి కొలిచేదాకా దాని లోపల ఉండే అంకె 85. అంటే అది “నేను ఇప్పుడే లేచాను” అని చెబుతోంది. బోర్డు ఆన్ చేయగానే ఒక్కసారి మాత్రమే 85 వస్తే, కొలత పూర్తికాకముందే చదివావని అర్థం. 12 బిట్ల కొలతకు, అంటే ఈ సెన్సర్ చేసే అతి సూక్ష్మమైన కొలతకు, 750 మిల్లీసెకన్ల దాకా పడుతుంది. నడుస్తుండగా మధ్యలో వస్తోందంటే మాత్రం సెన్సర్‌కు కరెంటు తగ్గిపోతోందన్నమాట.

లెక్క వేసి చూడు. ఒక్కో ఎల్‌ఈడీ పూర్తి తెలుపులో సుమారు 60 మిల్లీఆంపులు తాగుతుంది. 30కి 1.8 ఆంపులు. మామూలు యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 0.5 ఆంపు. మెరిసిన క్షణంలో వోల్టేజీ జారిపోతుంది, సెన్సర్‌కు కనీసం 3 వోల్టులు కావాలి.

5 వోల్టులు, 3 ఆంపుల అడాప్టర్ ఒకటి తెచ్చి నేరుగా స్ట్రిప్పుకు కలుపు. అక్కడి నుంచే నానో 5 వోల్టుల పిన్నుకూ సెన్సర్‌కూ వైర్లు లాగు. గ్రౌండ్లన్నీ, అంటే మైనస్ వైర్లన్నీ, ఒకటిగా కలిసి ఉండాలి. స్ట్రిప్పు మొదట్లో 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్, డేటా వైరుకు 330 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టు. కెపాసిటర్ మీద గీత ఉన్న కాలు మైనస్, తిరగేశావంటే పేలుతుంది. ప్రోగ్రామ్ ఎక్కించేటప్పుడు అడాప్టర్ పీకేసి యూఎస్‌బీ పెట్టు, అప్పుడు మెరుపు మాత్రం వేయకు. సెన్సర్ డేటాకూ 5 వోల్టులకూ మధ్య 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఉందో లేదో కూడా చూసుకో.

ఇక నాలుగు డిగ్రీల సంగతి. సెన్సర్ గొట్టంలోనే ఉంది కదా? దీపాల వేడినే కొలుస్తోంది. కోడ్‌లో నాలుగు తీసేస్తే సరిపోతుందని మాత్రం అనుకోకు. ఎన్ని దీపాలు వెలుగుతున్నాయి, గాలి ఆడుతోందా లేదా అన్నదాన్ని బట్టి ఆ తేడా మారుతూనే ఉంటుంది. స్టీలు మూత ఉన్న వాటర్‌ప్రూఫ్ రకం సెన్సర్ తీసుకుని, మీటరు వైరుతో గొట్టం బయట, దానికన్నా కింద పెట్టు. వేడిగాలి పైకి పోతుంది కాబట్టి పైన పెడితే మళ్లీ అదే కథ. సరిచూడాలంటే స్టీలు గ్లాసులో ఐసు చితక్కొట్టి, కాసిన్ని నీళ్లు పోసి, కలుపుతూ సెన్సర్ ముంచు. సున్నాకు అర డిగ్రీ అటూఇటూగా రావాలి.

ప్రశ్న అడిగినవారు:

అన్నా, అడాప్టర్ పెట్టాక 85 మళ్లీ రాలేదు! ఐసు నీళ్లలో 0.3 చూపించింది. కానీ సాయంత్రం ఆరింటికి కూడా మూడు డిగ్రీలు ఎక్కువే చెబుతోంది. సెన్సర్‌ను పడమటి గోడకు మేకు కొట్టి కట్టాను.

జవాబు:

మధ్యాహ్నమంతా ఎండ తాగిన గోడ అది, పొద్దు గుంకాక కూడా సెగ కక్కుతుంది. ఉత్తరం వైపు చూరు కింద, గోడకు జానెడు ఎడంగా వేలాడదీయి.

ప్రశ్న అడిగినవారు:

మార్చాను, ఇప్పుడు సరిగ్గా ఉంది. ఆదిలాబాద్‌లో అక్కవాళ్లు కూడా ఇలాంటిదే కావాలంటున్నారు, ఇదే కోడ్ వేయొచ్చా?

జవాబు:

వేయొచ్చు, కానీ అక్కడ చలికాలం తెల్లవారుజామున పది కన్నా కిందికి పోతుంది. కింది దీపం 5 నుంచి మొదలుపెట్టి, పైది 47 దాకా వచ్చేలా 43 దీపాల స్ట్రిప్పు కొను.