పెళ్లిళ్లకు బ్యాకప్‌గా పాత డీఎస్‌ఎల్‌ఆర్: మరో డి750 తీసుకోవాలా, డి7200 చాలా?

కృష్ణాతీరం:

అందరికీ నమస్కారం. నేను తెనాలి పరిసరాల్లో పెళ్లి ఫొటోలు తీస్తుంటాను. నా దగ్గర నికాన్ డి750 బాడీ (లెన్సు కాక కెమెరా మాత్రమే) ఒక్కటే ఉంది. దానితో పాటు 24-70, 85 ఎంఎం లెన్సులు, రెండు ఫ్లాష్‌లు ఉన్నాయి. ఇంతవరకు రెండో బాడీని అద్దెకు తెచ్చుకుంటూ నెట్టుకొచ్చాను గానీ, మంచి ముహూర్తం ఉన్న రోజున ఊళ్లో ప్రతి మండపంలోనూ పెళ్లే కాబట్టి అద్దె కెమెరా దొరకడం గగనమైపోతోంది. పోయిన మాఘంలో ఒక మిత్రుడి కెమెరా సరిగ్గా జీలకర్ర బెల్లం వేళకు మొరాయించడంతో, మిగిలిన తంతంతా అతను ఫోనుతో తీయవలసి వచ్చింది. అందుకే సొంతంగా ఒక సెకండ్ హ్యాండ్ బాడీ కొనుక్కోవాలని నిశ్చయించుకున్నాను.

బడ్జెట్ 45 వేలు. ప్రస్తుతం నా ముందున్నవి తక్కువగా వాడిన నికాన్ డి7200 ఒకటి, డి610 ఒకటి, షట్టర్ కౌంట్ (ఇంతవరకు నొక్కిన క్లిక్కుల లెక్క) లక్ష దాటిన డి750 ఒకటి. ఇవి కాక, తెలిసినవారొకరు కెనాన్ 5డి మార్క్ 3ని లెన్సుతో సహా మంచి ధరకే ఇస్తామంటున్నారు. వీటిలో దేనిని ఎంచుకోవాలి, కొనేముందు ఏమేమి చూసుకోవాలి అన్నది అనుభవజ్ఞులు చెప్పగలరు.

అడ్డుతెర:

ముందుగా కెనాన్‌ను పక్కన పెట్టేయండి. 5డి మార్క్ 3 మంచి కెమెరాయే, దానిని తక్కువ చేయడం లేదు. అయితే మీ డి750 ఆగిపోయిన క్షణాన చేతిలో ఉన్న లెన్సు, జేబులో ఉన్న బ్యాటరీ, ఫ్లాష్ ట్రిగ్గర్ ఏవీ దానికి పనికిరావు. వధూవరుల చేతులు ఒకరి తల మీద ఒకరివి ఉన్నప్పుడు పురోహితుడు మీ కోసం ఆగడు కదా. పాత బాడీలోంచి లెన్సు తీసి కొత్త దానికి బిగించి వెంటనే నొక్కగలిగితేనే అది బ్యాకప్ అనిపించుకుంటుంది.

మిగిలిన మూడింటికీ బ్యాటరీ ఒకటే రకం, ఈఎన్-ఈఎల్15. మూడింటిలోనూ రెండేసి ఎస్‌డీ కార్డు స్లాట్లున్నాయి. ఎవరైనా డి7500 కొత్తదని ఆశ పెడితే లొంగకండి, దానిలో ఉన్నది ఒకే స్లాటు. డి7200తో చిక్కల్లా సెన్సర్ (కాంతిని పట్టే చిప్) డి750 కంటే చిన్నది కావడం వల్లనే. మీ 24-70 దాని మీద 36-105గా మారిపోతుంది, అంటే ఫ్రేములో తక్కువ మేరే పడుతుంది. చిన్న మండపంలో వేదిక మీద ఇరువైపుల బంధువులు నిలబడి గ్రూపు ఫొటో అడిగినప్పుడు, వెనక్కి జరగడానికి వీడియో లైటు స్టాండ్లు, కుర్చీలు అడ్డం వస్తాయి. అప్పుడు మళ్లీ వైడ్ లెన్సుకు పెట్టుబడి పెట్టవలసి వస్తుంది. డి610 కూడా డి750లా పెద్ద సెన్సర్ ఉన్న ఫుల్ ఫ్రేమే అయినా, చీకట్లో ఫోకస్ పట్టడంలో డి750కి సాటిరాదు. నికాన్ లెక్క ప్రకారమే డి750 మైనస్ 3 ఈవీ (వెలుతురు కొలత, అంకె తగ్గేకొద్దీ చీకటి ఎక్కువ) వరకు ఫోకస్ చేస్తుంది, డి610 మైనస్ 1 దగ్గరే ఆగిపోతుంది. అర్ధరాత్రి ముహూర్తాల్లో, లైట్లు తగ్గించే సంగీత్ కార్యక్రమాల్లో ఈ తేడా బాగా తెలుస్తుంది.

నా ఓటు డి750కే. రెండు బాడీలూ ఒకటే అయితే బటన్లు ఎక్కడున్నాయో వేళ్లకు తెలుసు, రంగులూ ఒకేలా వస్తాయి.

స్క్రూడ్రైవర్:

నేను కెమెరాల మరమ్మతు పనిలో ఉన్నాను కాబట్టి తనిఖీ సంగతి చెబుతాను. షట్టర్ కౌంట్ లక్ష దాటిందని కంగారు పడనక్కరలేదు. డి750 షట్టర్‌ను కంపెనీ 1,50,000 క్లిక్కులకు పరీక్షించింది. ఆ అంకె దాటగానే పాడవుతుందని గానీ, అంతవరకు తప్పక పనిచేస్తుందని గానీ అనుకోకూడదు. షట్టర్ మార్పించడానికి అయ్యే ఖర్చును ముందే అడిగి తెలుసుకుని, బేరంలో దానిని తగ్గించమనండి. అమ్మేవారు చెప్పే అంకెను మాత్రం నమ్మకండి. మీ కార్డు పెట్టి మీరే ఒక జేపెగ్ తీసుకుంటే, నికాన్‌లో ఆ ఫైలు ఎగ్జిఫ్‌లోనే (ఫొటోతో పాటు ఫైలులో నమోదయ్యే వివరాల్లోనే) కౌంట్ కనబడుతుంది.

అంతకంటే ముఖ్యమైన పరీక్ష ఒకటుంది. తెల్లగోడకు పగటి వెలుతురు సమానంగా పడుతున్నప్పుడు, ఫ్లాష్ లేకుండా 1/4000 సెకను షట్టర్ వేగంతో వరుసగా కొన్ని ఫొటోలు తీసి, వాటిని పక్కపక్కన పెట్టి చూడండి. ఒక అంచు మసకబారినా, ఒక ఫొటో మరొకదానికంటే నల్లగా వచ్చినా షట్టర్ తెరలు అలసిపోయాయని అర్థం. తర్వాత అదే గోడను లెన్సు రంధ్రం బాగా చిన్నది చేసి (ఎఫ్/16లో), ఫోకస్ తప్పించి తీస్తే సెన్సర్ మీది మచ్చలు బయటపడతాయి. దుమ్మయితే తుడిస్తే పోతుంది, గీత పడితే పోదు.

డి750కి వెనుక తెర మడతపడుతుంది. దానిని పైకి, కిందికి పూర్తిగా తిప్పుతూ చూడండి. ఏదో ఒక కోణంలో తెర మినుకుమంటే లోపలి రిబ్బన్ కేబుల్ తెగబోతున్నట్టే. రెండు స్లాట్లలోనూ కార్డులు పెట్టి, బ్యాకప్ మోడ్‌లో తీసి, రెండింటిలోనూ ఫైళ్లు పడ్డాయో లేదో కంప్యూటర్‌లో తెరిచి చూడండి. హాట్ షూ (కెమెరా నెత్తిన ఫ్లాష్ బిగించే చోటు) మీద మీ ఫ్లాష్ పెట్టి కొంచెం అటూ ఇటూ కదిపినా వెలగాలి.

పెళ్లిళ్లలో తిరిగిన కెమెరాను పట్టుకోవడానికి ఒక చిన్న గుర్తు చెబుతాను. రబ్బరు గ్రిప్ అంచుల్లో, డయల్ పళ్ల సందుల్లో పసుపు రంగు కనిపిస్తుంది. తలంబ్రాల బియ్యం నుంచి రాలిన పసుపు అది. రంగు ఉన్నంత మాత్రాన నష్టమేమీ లేదు గానీ, “ఇంట్లో పిల్లల ఫొటోలకే వాడాం” అని అమ్మేవారు చెబుతుంటే మాత్రం అనుమానించవలసిందే. డయల్ తిప్పినప్పుడు అంకె ఒకటి దాటేసి రెండోదానికి గెంతితే ఆ పొడి లోపలికి కూడా వెళ్లిందన్నమాట.

ఇంకొక్క మాట. డి750 బాడీలలో కొన్నింటికి షట్టర్ లోపం ఉండవచ్చని నికాన్ 2015లో ప్రకటించింది, తర్వాత ఆ జాబితాను పెంచింది కూడా. సీరియల్ నంబరు తీసుకుని, అది ఆ జాబితాలో ఉందా, ఉంటే మరమ్మతు జరిగిందా అని సర్వీస్ సెంటర్‌లో కనుక్కోండి.

ఓరుగల్లు:

పై ఇద్దరితో ఏకీభవిస్తూనే, ఎప్పుడు కొనాలన్న దాని గురించి ఒక మాట. ముహూర్తాల ముందు కొనకండి. ఆషాఢంలోనో, మూఢం నడుస్తున్నప్పుడో పెళ్లిళ్లుండవు, స్టూడియోలకు చేతిలో డబ్బు ఆడదు. బాడీలు అమ్మకానికి వచ్చేదీ, బేరానికి దిగేదీ అప్పుడే. కొన్న తర్వాత తీరిగ్గా పరీక్షించుకోవడానికి వ్యవధి ఉంటుంది. పుట్టినరోజులు, నామకరణాల వంటి చిన్న పనులకు వాడి చూడవచ్చు.

రెండవది, పత్రాల సంగతి. బిల్లు, పెట్టె, బాడీ అడుగున ఉన్న సీరియల్ నంబరు మూడూ సరిపోవాలి. ఆన్‌లైన్ ప్రకటనలో ధర మరీ తక్కువగా ఉండి, “బిల్లు పోయింది” అంటే అక్కడితో ఆపేయండి. దొంగ సొత్తు అని తేలితే కెమెరా పోలీసుల పాలవుతుంది, మీరు స్టేషన్ చుట్టూ తిరగాలి. అమ్మేవారి గుర్తింపు కార్డు నకలు, సీరియల్ నంబరు రాసిన రసీదు, సంతకం తీసుకుని, డబ్బు యూపీఐలోనో బ్యాంకు ద్వారానో పంపండి. నా మటుకు నేను కాస్త ఎక్కువ పెట్టయినా హైదరాబాద్ కోఠి లాంటి చోట, కొన్నాళ్లు చెకింగ్ వారంటీ రాసిచ్చే దుకాణంలోనే కొంటాను.

అడ్డుతెర గారితో ఒక చోట విభేదిస్తాను. ఆ డి750 తనిఖీలో తప్పితే, మరో డి750 కోసం నెలల తరబడి ఎదురుచూడకుండా మంచి స్థితిలో ఉన్న డి610 తీసుకోవడమే మేలు. రేపటి ముహూర్తానికి బ్యాకప్ అసలు లేకపోవడం కంటే ఫోకస్ కొంచెం నెమ్మదిగా ఉండటం నయం.

కృష్ణాతీరం:

అందరికీ కృతజ్ఞతలు. కెనాన్ ఆలోచన మానుకున్నాను. ఆదివారం డి750 చూడటానికి నా లెన్సులు, ఫ్లాష్, రెండు కార్డులు పట్టుకుని వెళ్తున్నాను. కొన్నాక దానిని సంచిలోనే ఉంచాలా, లేక 85 లెన్సు బిగించి భుజాన వేసుకుని రెండింటితోనూ తీయాలా?

అడ్డుతెర:

భుజాననే ఉంచండి. సంచిలో పడుకున్న కెమెరా పాడైందన్న సంగతి, అవసరపడి బయటికి తీసేవరకు తెలియదు. పని మొదలుపెట్టే ముందు రెండు బాడీల గడియారాలనూ సెకన్లతో సహా ఒకటే చేయండి. లేకపోతే ఆల్బమ్‌కు ఫొటోలు వరుస పెట్టేటప్పుడు మంగళసూత్రధారణ కంటే ముందే తలంబ్రాలు వచ్చి కూర్చుంటాయి. ఫైలు పేరులోని మొదటి మూడక్షరాలను ఒక్కో బాడీకి ఒక్కోలా మార్చుకోండి, పేర్లు కలిసిపోవు. వైట్ బ్యాలెన్స్‌ను (లైటును బట్టి రంగులను సరిచేసే సెట్టింగును) ఆటోలో వదలకుండా రెండింటిలోనూ ఒకే కెల్విన్ అంకె పెట్టండి.