"ప్రతి గడప గడపకూ": ఇందులో "ప్రతి" ఎందుకు?

మాది కడప. 2024 ఏప్రిల్‌లో, ఎండ మండిపోతున్న ఒక మధ్యాహ్నం, ఎన్నికల పాంప్లెట్లు పంచుకుంటూ ఇద్దరు కుర్రోళ్ళు మా వీధిలోకి వచ్చినారు. మా అవ్వ వాకిలి దగ్గర కూర్చుని చింతపండులో పీచు తీస్తా ఉంది. ఒకడు గడప అవతల నిలబడి, చేయి చాపి కాగితం ఇయ్యబోయినాడు. అవ్వ చేయి చాపలేదు.

"గడప మింద ఇచ్చిపుచ్చుకోకూడదు నాయనా. లోపలికన్నా రా, లేదంటే ఉండు, నేనే బయటికొస్తా" అనింది.

ఆ పిల్లోడు చెప్పులు విడిచి లోపలికొచ్చినాడు. "తీసుకో అవ్వా" అని కాగితం చేతికిచ్చి, చెంబెడు నీళ్ళు తాగి పోయినాడు. తర్వాత నేను చూస్తే దాని నెత్తిన పెద్దక్షరాలతో "ప్రతి గడప గడపకూ వస్తున్నాం, ఆశీర్వదించండి" అని ఉంది. అప్పటినుంచి ఈ మాట నన్ను వదల్లేదు, అందుకే ఈ గ్రూపులో పెడుతున్నా.

అది ఏ పార్టీ కాగితమో మన చర్చకు అక్కరలేదు. 2017లో తెలుగుదేశం పార్టీ "ఇంటింటికీ తెలుగుదేశం" అని ఊళ్ళు తిరిగింది. 2022లో అప్పటి వైఎస్సార్‌సీపీ ప్రభుత్వం "గడప గడపకు మన ప్రభుత్వం" అని తిరిగింది. ఆ రెండు పేర్లూ తెలుగుగా నిక్షేపంగా ఉన్నాయి. చిక్కంతా ముందర "ప్రతి" తగిలించినప్పుడే.

మన భాషలో మాటను రెండుసార్లు పలికితే చాలు, ఒక్కటీ వదలకుండా అన్న అర్థం దానంతటదే వచ్చేస్తుంది. రెండోసారి పలికినదాన్ని వ్యాకరణంలో ఆమ్రేడితం అంటారు. ఇంటి, ఇంటికి కలిసి ఇంటింటికి అవుతుంది. ఊరు, ఊరికి కలిసి ఊరూరికి అవుతుంది. అచ్చు తర్వాత ఆమ్రేడితం వస్తే సంధి తరచుగా జరుగుతుందని 1858 నాటి బాలవ్యాకరణంలో చిన్నయసూరి చెప్పిందీ దీన్ని గురించే. గడప హల్లుతో మొదలయ్యే మాట కాబట్టి అక్కడ సంధి లేదు, రెండూ దేనికది నిలబడతాయి. విభక్తి మటుకు రెండోదానికే పెడతాం: పూటపూటకూ, రోజురోజుకూ, గడప గడపకూ.

"ప్రతి" చేసే పని కూడా అదే. "ప్రతి గడపకూ" అంటే సరిపోయింది. "గడప గడపకూ" అన్నా సరిపోయింది. రెండూ కలిపితే ఉప్పేసిన కూరలో మళ్ళీ ఉప్పేసినట్టే. "ప్రతి ఇంటింటికీ", "ప్రతి ఊరూరా" కూడా ఈ లెక్కలోనివే.

ఇంకొకటి. ఇల్లు వేరు, గడప వేరు. "మీ ఇంటికొస్తాం" అనేవాడు లోపలికే వస్తానంటున్నాడు. "మీ గడపకొస్తాం" అనేవాడు గడప దగ్గర ఆగి, రమ్మంటే వస్తాననే మర్యాద చూపిస్తున్నాడు. పండగకు పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టేది గడపకే. కోపమొచ్చినవాళ్ళు "మళ్ళీ నీ గడప తొక్కను" అనేదీ దాన్నే. ఓటడగడానికి వచ్చేవాళ్ళు ఈ మాటను ఎంచుకోవడం నాకు నిజంగా నచ్చింది. నచ్చింది కాబట్టే దాన్ని చెడగొడితే బాధ.

పైగా మా ఊరి పేరే అది. దాటడం అనే అర్థంలో కడచు, గడచు అని రెండు రూపాలు ఉన్నట్టే కడప, గడప కూడా. దాటేది కాబట్టి గడప. తిరుమలకు పోయేవాళ్ళు ముందు దేవుని కడపలో లక్ష్మీవేంకటేశ్వరస్వామిని దర్శించుకుని కొండకు పోవాలంటారు మా పెద్దలు, అది తిరుమలకు తొలి గడప అని. ఇంగ్లీషు రాతలో ఈ పేరుకు పట్టిన Cuddapah అనే వంకర 2005లో పోయి Kadapa అయింది. ఇప్పుడు తెలుగు రాతలో మనం వంకరలు పెట్టకూడదు కదా.

మీ వైపు కాగితాల్లో ఎట్లా రాస్తున్నారు? మీ ఇళ్ళల్లో గడపను ఏమంటారు?

ప్రొద్దుటూరు నుంచి, ప్రింటింగ్ ప్రెస్ నడిపే సభ్యుడు

అన్నా, మీరు పట్టుకున్న "ప్రతి" నా చేతుల మీదుగా ఎన్ని వేలసార్లు పోయిందో. మ్యాటరు ఇప్పుడు వాట్సాప్‌లో వస్తుంది. ఒకసారి నేనే ఉండబట్టలేక "ప్రతి" తీసేసి ప్రూఫు పంపినాను. అరగంటలో ఫోను: "ప్రతి ఎందుకు తీసినావ్, మళ్ళీ పెట్టు, ఒక గడప వదిలేసినట్టు ఉంది." పెట్టినాను. రాత్రికి ఐదువేలు కావాలన్నారు, వాదించే తీరిక ఎవరికుంది?

మా పనిలో మేము తప్పకుండా చూడాల్సింది కాగితం అడుగున ఉండే వరస. ముద్రించినవాళ్ళ పేరు, చిరునామా, ప్రచురించేవాళ్ళ పేరు, చిరునామా లేకుండా ఎన్నికల కరపత్రం గానీ పోస్టరు గానీ వేయకూడదు. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 127-ఎ సెక్షన్ అది. ప్రచురించే మనిషి తానెవరో డిక్లరేషన్ రాసి సంతకం చేయాలి. ఆయన్ను స్వయంగా ఎరిగిన ఇద్దరు దానిమీద సాక్షి సంతకాలు పెట్టాలి. అట్లాంటివి రెండు కాపీలు మాకిస్తే, ముద్రించిన తర్వాత ఒకటి, కరపత్రం కాపీతో కలిపి, మేము కలెక్టరాఫీసుకు పంపాలి. తప్పితే ఆరు నెలల దాకా జైలు, లేదా 2,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఫలానా రోజు ఫలానా చోట సభ అని మాత్రమే చెప్పే కాగితానికి ఈ నియమం వర్తించదు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఆ అడుగు వరసలో మేము "ప్రతులు: 5,000" అని వేస్తాం. అంటే ఒకే కాగితం మీద "ప్రతి" మూడు రకాలుగా వస్తుంది. పైన "ప్రతి గడప", నడుమ "ప్రతిపక్షం", అడుగున "ప్రతులు". మొదటిది ఒక్కొక్క అని, రెండోది ఎదురు అని, మూడోది నకలు అని. ఇరవై ఏళ్ళుగా అచ్చు వేస్తూ మొన్న మీ పోస్టు చదివేదాకా గమనించలేదు.

కర్నూలు నుంచి

నేను కొంచెం అడ్డం చెప్తా, ఏమనుకోవద్దు. సంస్కృతంలో "ప్రతి" ఉపసర్గ. ప్రతిదినం, ప్రతిగృహం అని సమాసంలో అతుక్కునే వస్తుంది. తెలుగువాళ్ళం దాన్ని విడదీసి, "ప్రతి ఇల్లు", "ప్రతి మనిషి" అని విశేషణంగా వాడుకుంటున్నాం. ఆ మార్పును ఒప్పుకున్నవాళ్ళం దీన్ని మాత్రం తప్పని ఎందుకంటాం? "ప్రతి ఒక్కరూ" అని అందరం అంటాం కదా, అందులో "ఒక్కరూ" లేకుండా కూడా అర్థం తెలుస్తుంది. నొక్కి చెప్పాలనుకున్నప్పుడు మనిషి ఒకటికి రెండు మాటలు వేస్తాడు. మాట్లాడేటప్పుడు నేనూ "ప్రతి ఇంటింటికీ తిరిగినా" అనే అంటాను.

గడప సంగతి మటుకు ఆలోచించాల్సిందే. మేముండేది అపార్ట్‌మెంట్‌లో. తలుపు కింద కమ్మి లేదు, టైల్స్ లోపలి నుంచి వరండాదాకా ఒకే తీరుగా పోతాయి. మా ఆవిడ అక్కడ ముగ్గు స్టిక్కరు అంటించింది. మాకు గడప ఉన్నట్టా లేనట్టా?

ఆదోని నుంచి

మా అమ్మ పుట్టిల్లు తుంగభద్ర అవతల, గద్వాల దిక్కు. అక్కడ గడపను ఇప్పటికీ "కడప" అనే అంటారు. "కడప మీద కూసోకు" అని మా అమ్మమ్మ తిట్టేది. చిన్నప్పుడు నాకు ఊరి మీద కూర్చోవడమేందో అర్థమయ్యేది కాదు.

అనంతపురం నుంచి

మా పల్లెలో ఊరి లెక్కే గడపల్లో చెప్తారు. "అది ముప్పై గడపల ఊరు" అంటే ముప్పై కుటుంబాలని. ఒకే ఇంట్లో అన్నదమ్ములు వేరుపడితే గోడ పెట్టి, ఇంకో తలుపు తీసి, ఇంకో గడప వేస్తారు. అప్పుడు ఊరికి ఒక గడప పెరిగినట్టు.

కడప నుంచి, మొదట రాసినవాణ్ణి

అనంతపురం మిత్రుడు చెప్పింది బంగారం లాంటి మాట. గడప అంటే పొయ్యి వేరైన కుటుంబం అన్నమాట. పంచేవాళ్ళకు కావలసిన లెక్క కూడా అదే, తలుపుకొక కాగితం.

కర్నూలు అన్నకు: "ప్రతి ఒక్కరూ" విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తా. అయితే అక్కడ "ప్రతి" పక్కన ఉన్న మాట ఒంటిది, "ఒక్కరూ". "ప్రతి ఒక్కొక్కరూ" అని మీరు కూడా అనరు. జంట మాట మీద "ప్రతి" పెట్టడమే నా ఇబ్బంది. నోటితో అంటే నేనూ పట్టించుకోను, మాట్లాడేటప్పుడు ఎవరికైనా దొర్లుతుంది. ఐదువేల కాగితాల మీద అచ్చు వేసి ఇళ్ళకు పంచే వాక్యాన్ని రాసినవాడు ఒకసారి బయటికి చదువుకోవాలి, అంతే నేను అడిగేది. మీ ఫ్లాటుకు గడప ఉంది. స్టిక్కరైనా సరే, ముగ్గు ఎక్కడ పెట్టాలో మీ ఇంటావిడకు తెలిసింది కదా.

ప్రొద్దుటూరు తమ్ముడూ, మూడు ప్రతుల సంగతి నేను చూడనేలేదు. నువ్వు రాసింది చదివినాక అవ్వ దగ్గరున్న ఆ కాగితం మళ్ళీ చూద్దామని అడిగినా. పప్పుల డబ్బా కింద పరిచి పెట్టింది. తీసి చూస్తే అడుగు వరస ఉంది, పేర్లున్నాయి, ప్రతులు 3,000 అని కూడా ఉంది. "ఎందుకురా ఇప్పుడది" అని అడిగితే చదివి వినిపించినా. అవ్వ "ప్రతి" దగ్గర ఆగలేదు, "గడప గడపకూ" దగ్గర ఆగింది. "ఆ పిల్లోడు చెప్పులిడిసి లోపలికొచ్చినాడు, మంచోడు" అనింది. కాగితం మళ్ళీ డబ్బా కిందనే పెట్టినా.