రోజూ ఇంట్లో తాగే ఖరీదైన మందు: రిస్డిప్లామ్ ఖర్చును ఆరోగ్యశ్రీ భరించాలా?

మూసీగట్టు:

కండరాలను క్రమంగా బలహీనపరిచే స్పైనల్ మస్క్యులర్ అట్రోఫీ అనే జన్యువ్యాధి ఉన్న పిల్లలకు ప్రతిరోజూ పట్టవలసిన రిస్డిప్లామ్ మందును తెలంగాణ ఆరోగ్యశ్రీ పరిధిలోకి తీసుకురావాలన్నది నా వాదన. రోష్ కంపెనీ ఎవ్రిస్డి పేరుతో అమ్మే సీసా ధర సుమారు 6 లక్షల 20 వేల రూపాయలు ఉండేది. పేటెంటు వివాదంలో హైదరాబాదుకు చెందిన నాట్కో కంపెనీని అడ్డుకోవడానికి ఢిల్లీ హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం 2025 మార్చిలో, ద్విసభ్య ధర్మాసనం అక్టోబరులో నిరాకరించాయి. సుప్రీంకోర్టు కూడా అందులో జోక్యం చేసుకోలేదు. ఆ తరువాత నాట్కో అదే మందును సీసా 15,900 రూపాయలకు విడుదల చేసింది.

ఇరవై కిలోలు దాటిన రోగికి రోజుకు 5 మిల్లీగ్రాములు కావాలి కనుక 60 మిల్లీగ్రాముల సీసా పన్నెండు రోజులు వస్తుంది. ఏడాదికి ముప్పై సీసాలనుకుంటే పాత ధరకు 1 కోటి 86 లక్షలు, కొత్త ధరకు 4 లక్షల 77 వేలు అవుతుంది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి ఆరోగ్యశ్రీ పరిమితి కుటుంబానికి ఏడాదికి 10 లక్షలు. అంటే మందు ఖర్చు ఇప్పుడు ఆ పరిమితిలో సగానికి లోపే ఉంది. అయినా అందకపోవడానికి కారణం పథకం నిర్మాణమే. శస్త్రచికిత్స, ఆసుపత్రిలో చేరిక, నిర్ణీత ప్యాకేజీ, ఆ తరువాత కొన్ని చికిత్సలకు కొంతకాలం ఇచ్చే మందులు అన్న క్రమంలో అది రూపొందింది. ఆసుపత్రిలో చేరకుండానే ఏళ్ల తరబడి ఇంట్లో వాడవలసిన మందుకు ఆ క్రమంలో చోటు లేదు.

పెన్నాతీరం:

మూసీగట్టు గారి లెక్కలతో నాకు పేచీ లేదు, కానీ ముగింపుతో ఏకీభవించలేను. అరుదైన వ్యాధుల కోసం కేంద్రం 2021లో ఒక జాతీయ విధానం ప్రకటించింది, 2022లో సహాయాన్ని ఒక్కో రోగికి 50 లక్షల వరకు పెంచింది. హైదరాబాదులో నిమ్స్ ఆసుపత్రితో కలిసి డీఎన్‌ఏ పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీ అందుకు గుర్తింపు పొందిన కేంద్రం. అది ఉండగా రాష్ట్ర పథకం మీద ఈ భారం ఎందుకు? బకాయిలు చెల్లించలేదని 2025 సెప్టెంబరులో తెలంగాణలోనూ, అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లోనూ ప్రభుత్వ ఆరోగ్య పథకాల నెట్‌వర్క్ ఆసుపత్రులు ఉచిత సేవలను నిలిపివేసిన సంగతి మనమందరం చూశాం. ఉన్న ప్యాకేజీలకే డబ్బు సమయానికి రాని చోట కొత్త హామీ ఇస్తే, అది కాగితం మీద మిగిలిపోయే ప్రమాదం ఉంది. పైగా, ఇంట్లో వాడే మందుకు ఒకసారి తలుపు తెరిస్తే ఇన్సులిన్ వాడేవారు, కీళ్లవాతానికి ఖరీదైన ఇంజెక్షన్లు తీసుకునేవారు తమకెందుకు ఇవ్వరని అడుగుతారు, అడగడం న్యాయమే.

మందుల దుకాణం, ఖమ్మం:

ఇద్దరూ ప్రస్తావించని విషయం ఒకటి చెబుతాను. ఆ 50 లక్షలు పాత ధరకు ఎనిమిది సీసాలు, అంటే పెద్ద పిల్లవాడికి మూడు నెలల మందు మాత్రమే. కొత్త ధరకు అవే 50 లక్షలు పదేళ్లకు మించి సరిపోతాయి. బరువు తక్కువ ఉన్న పిల్లలకు మోతాదు బరువును బట్టి ఇస్తారు గనుక ఇంకా ఎక్కువ కాలం వస్తాయి. కేంద్ర సహాయం పనికిరానిదిగా కనిపించిన రోజులు వేరు, ఇప్పటి రోజులు వేరు. 15,900 అనేది కూడా చిల్లర ధర. రాష్ట్రాలు కలిసి టెండరు పిలిస్తే ఇంకా తగ్గుతుందని నా వృత్తి అనుభవం చెబుతోంది.

నిల్వ విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. సీసాలో పొడిగా వచ్చే మందును నీటితో కలిపిన తరువాత ఫ్రిజ్‌లో ఉంచాలి, 64 రోజులు దాటితే పారేయాలి. జిల్లాల్లో పంపిణీ చేసేవారికి, తల్లిదండ్రులకు ఈ శిక్షణ ఇవ్వకుండా సీసాలు పంపితే ప్రజాధనం వృథా అవుతుంది.

మూసీగట్టు:

పెన్నాతీరం గారి బకాయిల ప్రస్తావన బరువైనది. అందుకే ఈ మందును ఆసుపత్రుల ప్యాకేజీగా పెట్టి తరువాత బిల్లు చెల్లించే పద్ధతి వద్దంటున్నాను. హెచ్‌ఐవీ రోగుల విషయంలో మనం చేసింది ఇంతకంటే పెద్ద పని. 2004 ఏప్రిల్ నుంచి ప్రభుత్వమే మందులు కొని ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ చికిత్స) కేంద్రాల ద్వారా ఉచితంగా ఇస్తోంది, రోగులు నెలనెలా తీసుకెళ్లి ఇంట్లోనే వేసుకుంటున్నారు. జీవితాంతం వాడవలసిన మందును ప్రభుత్వం భరించలేదన్న మాట ఆ అనుభవం ముందు నిలవదు. అది సాధ్యపడడానికి ముందు జనరిక్ కంపెనీలు ధరను నేలకు దించాయి. ఇప్పుడు రిస్డిప్లామ్ విషయంలో మొదటి మెట్టు దాటాం, రెండోది దాటే బాధ్యత ప్రభుత్వానిది.

ఇన్సులిన్ అడిగేవారికి కూడా ఇవ్వాలనే నేనంటాను. కానీ ఒక కుటుంబం ఏడాది సంపాదన మొత్తం పెట్టినా అందని మందును, నెలకు కొన్ని వందలతో అందే మందును ఒకే వరుసలో నిలబెట్టడం సరికాదు. మొదటిది ఇవ్వకపోతే ఆ బిడ్డ కండరాలు రోజురోజుకూ సన్నగిల్లుతాయి, పోయిన శక్తి చాలావరకు తిరిగి రాదు.

ఒక తండ్రి, వరంగల్:

మా అబ్బాయికి ఈ వ్యాధి ఉంది. ధర తగ్గిన తరువాత కూడా నెలకు రెండు, మూడు సీసాలు కొనడం మా వంటి ప్రైవేటు ఉద్యోగులకు సాధ్యం కావడం లేదు. విరాళాలు అడిగి తెచ్చిన డబ్బుతో మొదలుపెట్టి, డబ్బు అయిపోయినప్పుడు ఆపేసిన కుటుంబాలు నాకు తెలుసు. చర్చించేవారు దయచేసి ఒక విషయం గుర్తుంచుకోండి: మాకు కావలసింది ఒకసారి వచ్చే పెద్ద మొత్తం కాదు, వచ్చే నెల సీసా తప్పకుండా వస్తుందన్న భరోసా.

పెన్నాతీరం:

ఆ తండ్రిగారి మాట విన్న తరువాత కొన్ని షరతులతో అంగీకరిస్తున్నాను. ముందుగా కేంద్రం ఇచ్చే 50 లక్షలు వాడాలి, అది అయిపోయిన రోజు నుంచి రాష్ట్రం ఆగకుండా కొనసాగించాలి. బడ్జెట్‌లో దీనికి విడి పద్దు ఉండాలి, ఆసుపత్రుల బకాయిలతో కలపకూడదు. నిమ్స్ వైద్యుల బృందం ఏడాదికోసారి పిల్లల కదలికలను, శ్వాసను కొలిచి నమోదు చేయాలి. ఫలితం కనిపించకపోతే మందు ఆపే అధికారం కూడా ఆ బృందానికి ఉండాలి.

మూసీగట్టు:

మొదటి మూడింటికీ ఒప్పుకుంటాను. నాలుగోది ఇలా ఉండగా ఒప్పుకోను. ఈ వ్యాధిలో ఉన్న శక్తి తగ్గకుండా నిలవడమే చాలామందికి ఫలితం, దాన్ని మెరుగుదల లేదని రాసి మందు ఆపివేసే వీలు ఉండకూడదు. ఆపే నిర్ణయం తీసుకోవలసి వస్తే కుటుంబానికి లిఖితపూర్వకంగా కారణం చెప్పాలి, అప్పీలు తేలేదాకా సరఫరా కొనసాగాలి. దీని మీద పెన్నాతీరం గారి అభిప్రాయం తెలుసుకోవాలని ఉంది.